సగం తప్పు

మా ఆయన ఆడిన ఒక్క మంచిమాటకు మేం పడిన అగచాట్లు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కాసేపటికి మండే ఓపిక కూడా ఉండదు.

ఒంటిమిట్టలో దండం పెట్టుకొని బండి మీద కడపకు తిరిగొస్తున్నాం. మా సందు రోడ్డుకు అవతలి పక్క. ఎదురొచ్చే బండ్లు పోనీ అని ఆయన ఎడమవైపు తెల్లగీత దాటి మట్టిలో ఆపి, కుడికాలు కింద ఆనించాడు. వెనకనుంచి బండల లారీ వచ్చి ఆ కాలి మీదుగా పోయింది. నేను అటుపక్క మట్టిలో పడి బతికాను. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆయనకు మోకాలి కింద తీసేశారు. బండల పాలిష్ పని నిలబడి చేసేది, అదీ పోయింది.

నాలుగోరోజు లారీ డ్రైవరు తల్లి బత్తాయిలు పట్టుకొని వార్డుకొచ్చింది. వచ్చీరాగానే మిగిలిన ఆ ఒక్క కాలు పట్టుకొని ఏడుపు. తల్లి వయసు మనిషి కాళ్లు పట్టుకుంటే మనకు ఆయుష్షు క్షీణమంటారు. ఈయన కంగారుపడి, "లెయ్యమ్మా, లెయ్యి. నీ కొడుకుదొక్కటే కాదు, నాది గూడా తప్పుండాదిలే" అన్నాడు. మా వైపు ఏడ్చేవాళ్లను లేపాలంటే అట్లాగే అంటారు. అది నిజమని ఎవరూ అనుకోరు.

డ్రైవరు మాత్రం తల్లి ద్వారా విన్న ఆ మాట తీసుకుపోయి, మేం వేసిన నష్టపరిహారం కేసులో కోర్టు ముందు చెప్పాడు. లారీ ఇన్సూరెన్సు కంపెనీ వకీలు మా ఆయన్ని నిలబెట్టి అడిగాడు.

"అన్నావా, లేదా?"

"అంటి సార్, ఆ ముసలామె ఏడుస్తాంటే..."

"అన్నావా, లేదా?"

"అంటి సార్."

బండి గీత ఇవతల, మట్టిలోనే ఉందని నేను ఎంత చెప్పినా, భార్య మాట గదా, పక్కన పెట్టారు. సగం తప్పు ఈయనదేనని నష్టపరిహారం సగానికి కోశారు. మంచి పెట్టుడు కాలు మీద పెట్టుకున్న ఆశ ఆరోజుతో సరి.

పై కోర్టుకు అప్పీలు వేశాం. ఇక ఏళ్లకేళ్లు మా వకీలు ఫోన్ కోసం ఎదురుచూపులే. కేసు రాలేదంటారు, వచ్చిందంటారు, మళ్లీ వాయిదా అంటారు. విసుగంతా ఈయన మీద తీర్చుకునేదాన్ని. "ఇంకెవరన్నా వచ్చి ఏడిస్తే ఆ రెండో కాలు గూడా రాసియ్యి" అనేదాన్ని. మొదట్లో నవ్వేవాడు. పోనుపోను నవ్వడం మానేశాడు. ఒకసారి ఆటోలో వస్తూ లారీ గుద్దిన చోట ఆపించి, చంకకర్రల మీద నిలబడి ఆ తెల్లగీతను చాలాసేపు చూశాడు. ఎండకు తాళలేక, ఎక్కమని నేనే కసిరాను.

పోయిన నెల మా వకీలు ఫోన్ చేశాడు. ఓదార్చడానికి అన్న మాట తప్పు ఒప్పుకోవడం కాదనీ, పోలీసులు గీసిన పటంలో బండి గీత బయటే ఉందనీ, తప్పంతా లారీదేననీ తీర్పు వచ్చిందట. కోసిన సగం కూడా ఇమ్మన్నారట. నాకు ఏడుపు ఆగలేదు. పరుగున పోయి ఆయన నోట్లో చక్కెర పోశాను.

ఆయన మింగలేదు. చక్కెర బుగ్గన పెట్టుకొని, చిన్న గొంతుతో అడిగాడు.

"నువ్వు వెనకాల కూర్చోనుంటివి గదా. నిజం చెప్పు. బండి గీత ఇవతలే ఉండెనా?"

వకీలుకు చెప్పాను, పోలీసులకు చెప్పాను, బోనెక్కి జడ్జిగారికి చెప్పాను. ఇన్నేళ్లలో ఆయనకు మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.