వాము నీళ్ళకు లొంగని గ్యాస్

ఈ మధ్యాహ్నం తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో అత్తయ్యగారూ నేనూ ఒక సినిమా చూశాం. కెనడాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం కథ. అందులో తల్లికి ఉన్నట్టుండి గుండె దడ, ఒళ్ళంతా చెమటలు. ఇంట్లోవాళ్ళు ఆ సంగతి బయటికి పొక్కనివ్వరు.

"గ్యాసే. కాసిని వాము నీళ్ళు తాగితే పోద్ది," అన్నారు అత్తయ్యగారు. ఆరేళ్ళుగా తన గుండె దడకి ఆవిడ వాడే మందు అదే.

సినిమాలో డాక్టరు మాత్రం అది మనసులోని ఆందోళన అనీ, వైద్యం చేస్తే తగ్గుతుందనీ చెప్పింది. అత్తయ్యగారు ఆ ముక్క మళ్ళీ పెట్టించుకుని విన్నారు.

"నాదీ గ్యాస్ కాదేమోనమ్మా. అలాంటి డాక్టరు ఏలూరులో ఉంటారంటావా?"

ఉన్నారు. రేపు వెళ్తున్నాం. పక్కింటావిడతో గ్యాస్ డాక్టరు దగ్గరికని చెప్పబోయింది నేనే. "ఉన్నదే చెప్పమ్మా," అన్నారు అత్తయ్యగారు.

ఇంతకీ, మీ ఇంట్లో గ్యాస్ ఎవరికండీ?