ఒక వైరుకు ఇద్దరు మాస్టర్లు

ధర్మవరంలో మాస్టర్ అంటే బడిపంతులు కాదు. పట్టు ఇచ్చి, కూలి ఇచ్చి, పదిమంది చేత చీరలు నేయించుకునే ఆసామి. మా నాయన జీవితమంతా అలాంటి మాస్టర్లకే అంచుల డిజైన్లు గీసి ఇచ్చాడు. గ్రాఫ్ కాగితం మీద ఆయన పెన్సిలుతో నింపిన గళ్ళ లెక్కనే అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలే మగ్గం మీదికి ఎక్కుతాయి. ఒక్క గడి తప్పితే చీరలో హంసకు మెడ విరుగుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాయన చూపు మందగించింది. అనంతపురంలో డాక్టరు చూసి, ఇది ఆపరేషన్‌తో పోయే పొర కాదు, సన్న గళ్ళు లెక్కపెట్టడం మానుకోమన్నాడు. గీయడం మానుకుంటే మా నాయనకు అన్నం సహించదు. విడిభాగాలు తెచ్చి నేనే బిగించుకున్న కంప్యూటర్ ఒకటి ఇంట్లో ఉంది. దాంట్లో ఒక్కో గడిని శనక్కాయ గింజంత చేసి చూపించొచ్చు. ఆ సంగతి చెబితే నాయన "చూద్దాంలే" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకు సగం ఒప్పుకున్నట్టని అర్థం.

డిజైన్లు దాచుకోవడానికి చోటు చాలక కొత్త హార్డ్ డిస్క్ కొన్నాను. పనిలో పనిగా ర్యామ్ కూడా పెంచాను. ఒకే వైరుకు రెండు డిస్కులు తగిలించినప్పుడు, వెనక పిన్నుల మీదుండే చిటికెడు ప్లాస్టిక్ తొడుగును జరిపి, ఒకదాన్ని మాస్టర్ అని, రెండోదాన్ని స్లేవ్ అని నిర్ణయించాలి. ఆ మాటలేమిటని నాయన అడిగాడు. యజమాని, బానిస అన్నాను.

"పాతదాన్ని బానిస చేస్తావేంరా? ఇన్నాళ్ళూ నీకు పని చేసింది అదే కదప్పా. మాస్టర్‌గానే ఉండనీ."

ఇన్నేళ్ళు మాస్టర్ల గడపల్లో నిలబడిన మనిషి అన్న మాట. కాదనబుద్ధి కాలేదు. పాతదాన్ని ముట్టుకోకుండా కొత్తదాన్ని తగిలించేశాను. కొత్తది కంపెనీ నుంచే మాస్టర్‌గా వచ్చిందని చూసుకోలేదు. మన తెలివి అలా తెల్లారింది.

ఇక చూడండి తమాషా. స్విచ్ వేస్తే నల్లటి తెర. ఐదు నిమిషాలైనా అదే నలుపు, ఆ తర్వాత ఎప్పటికో లేచేది. కొత్త డిస్క్ ఒకరోజు కనిపించేది, ఒకరోజు కనిపించేది కాదు. మా ఆవిడ వీధిలో ట్యాంకరు దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చి, "ఏం, ఇంకా లేయలేదా? ఆరు బిందెలు తెస్తిని నేను" అనేది. నాయన కాసేపు కూర్చుని చూసి, "రేయ్, నీ పెట్టె లేసేలోపల నేను హంసకు ముక్కూ తోకా గీసేస్తా" అని లేచిపోయేవాడు. పోయి కాగితం మీదికి వంగి, కళ్ళు నులుముకుంటూ గీసేవాడు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చోనంటే ఇక బతిమాలినా వినడు.

ర్యామ్ పీకి రబ్బరుతో రుద్దాను. దుమ్ము దులిపాను. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ తీసేశాను. విండోస్ మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను. కోపం పట్టలేక డబ్బాను ఒకటి చరిచాను కూడా. చెయ్యి నొప్పి పుట్టింది, అంతే.

ఒక ఉదయం గడియారం చేత్తో పట్టుకుని తెర ముందు కూర్చున్నాను. ఆలస్యమంతా విండోస్ బొమ్మ రాకముందే, యంత్రం డిస్కులను వెతికే చోటే జరుగుతోంది. ఇన్ని రోజులూ నేను తప్పు లేని చోట వెతికానన్నమాట. మూత విప్పి చూస్తే రెండింటి వెనకా తొడుగు ఒకేచోట ఉంది. ఒక ఒరలో రెండు కత్తులు! నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. నాయన జరీ పోగులు లాగే పట్టకారు తెచ్చి కొత్తదాని తొడుగు జరిపాను. పాతదాని పెద్దరికానికి ఏ లోటూ రాలేదు.

స్విచ్ వేశాను. నాయనను పిలిచేలోపే తెర వెలిగింది. గతవారం ఆయన కాగితం మీద గీసిన హంసనే నేను గడికి గడి ఉన్నదున్నట్టు అందులోకి ఎక్కించి ఉంచాను. దాన్ని తెర నిండా పెద్దది చేశాను. ఆయన నా భుజం మీదుగా వంగి, తెర మీద వేలు పెట్టి ఒక్కో గడీ లెక్కపెట్టుకుంటూ పోయి, మెడ దగ్గర ఆగిపోయాడు.

"ఈడ గడి తప్పిందే. ఎవురు నింపినారు?"

"నువ్వే నాయనా."

నాయన తెర మీది వేలు తీసి కళ్ళు నులుముకున్నాడు. ఏడుస్తాడేమోనని భయం వేసింది.

"నాకు గళ్ళు కనపడక శానా దినాలాయెరా. అలవాటు మీద గీస్తాంటి. మీకు చెప్పల్యా." తర్వాత నా భుజం తట్టాడు. "లెయ్, కుర్చీ నాకియ్యి. ఇప్పుడు కనపడతాండాయి."