గుంత చుట్టూ కట్టిన ఇల్లు

నేను వనపర్తిలో సివిల్ డిప్లొమా చదివేటప్పుడు, రెండో ఏడాదిలో మా డ్రాయింగ్ సారు ఒక పని పెట్టారు. ఎవరికి వాళ్లు ఏదైనా పాత కట్టడాన్ని టేపుతో కొలిచి ప్లాను గీసుకు రావాలి. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. క్లాసులో సగం మంది ఊళ్లోని ప్యాలెస్ మీద పడ్డారు. నాది గద్వాల కాబట్టి మా కోట గీస్తానని పేరు రాయించాను.

మేం నేతగాళ్లం. ఆ మాట కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో తోటి అమ్మాయిలు వాళ్ల మేడల గురించి మాట్లాడుకుంటుంటే వింటూ ఊరుకునేదాన్ని. మాది మట్టి మిద్దె. ఉన్నది ఒకటే పెద్ద గది, వెనక వంటకు చిన్న వసారా. గదిలో నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే గుంత, గుంత మీద మగ్గం. తినడమైనా పడుకోవడమైనా ఆ మగ్గం పక్కనే.

ఆదివారం ఇంటికి వచ్చి, "నాయినా, జర కోటకు పోదాం రా. టేపు ఒక కొస నువ్వు పట్టుకుంటే చాలు" అన్నాను.

నాయిన మగ్గం మీంచి తల ఎత్తలేదు. "నేను టేపు పట్టుకోని తిరుగుతుంటే చీర ఎవరు నేస్తరు బిడ్డా? పాతదే గావాల్నంటే ఈ ఇల్లు కొలువు. ఇదేమన్న కొత్తదా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ సోమవారం పొద్దున్నే బస్సెక్కాలి. చేసేది లేక టేపు తీశాను. రెండో కొస మా అవ్వ పట్టుకుంది. ఆమె నాయిన తల్లి. అప్పటికే నడుము వంగిపోయింది, అయినా పట్టు జారనిచ్చేది కాదు.

రాళ్లు పేర్చి మట్టితో కట్టిన గోడలు, దాదాపు రెండడుగుల మందం. తలవాకిలి ఐదడుగుల ఎత్తు కూడా లేదు. ఇక కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఉన్న ఒక్క కిటికీ నేల నుంచి అడుగు ఎత్తులో ఉంది. మేం చదువుకున్న లెక్కలో అది మూడడుగుల ఎత్తున ఉండాలి. పైగా గోడకు నడుమన లేదు, ఒక పక్కకు జరిగి ఉంది. వెలుతురు కోసం కప్పులో పెట్టిన గవాచి కూడా గదికి మధ్యలో లేదు.

"అవ్వా, ఈ ఇల్లు కట్టినోళ్లకు కొలతలు తెల్వవా ఏంది? అన్నీ వంకరటింకరనే ఉన్నయి."

అవ్వ టేపు వదలకుండానే నవ్వింది. "కట్టినోళ్లు ఎవరో గాదు, మీ తాత, నేను. ముందుగాల గుంతనే తవ్వినం. మీ తాత దాంట్ల కూసోని, వెలుతురు యాడ పడాల్నో జూసి, కిటికీ గీడ, గవాచి గాడ అని చెప్పిండు. గోడలు దాని ఎన్కనే లేచినయి."

"మరి గుంత గింత వెడల్పెందుకు?"

"కూసునేది ఒక్కడా? ఆయన చీర నేస్తుంటే పక్కన కూసోని అంచుపోగు దూర్చే నాడె ఎవరు అందియ్యాలె? నేను గాదా?"

నాయినను లేపి నేను గుంతలో కూర్చున్నాను. చిన్నప్పుడు ఎన్నిసార్లు అందులోకి దిగి ఆడానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం కొలతలు తీసేదానిలా చూశాను. కిటికీ సరిగ్గా నా ఎడమ మోచేతి పక్కన ఉంది. దాని వెలుతురు బట్ట మీద పరుచుకుంటోంది, చేతి నీడ ఎక్కడా అడ్డం రావడం లేదు. గవాచి నేసే చోటికి నిట్టనిలువుగా పైన ఉంది.

"గోడ పల్సగుంటే ఎండకాలం పట్టుపోగు ఎండి తెగుతది," అన్నాడు నాయిన. "ఈ మట్టి సల్లగుంచుతది."

ఆ రాత్రి షీటు మీద మొదట గుంత గీశాను. తర్వాతే గోడలు గీశాను.

కాలేజీలో సారు నా షీటు చూసి, "కోట అన్నావు కదమ్మా, ఇదేంటి?" అన్నారు. లేచి నిలబడి, ఇది మా ఇల్లు సార్ అన్నాను. తర్వాత మగ్గం గురించి, కిటికీ గురించి, అవ్వ చెప్పిన మాట గురించి చెప్పుకుంటూ పోయాను. సారు, "ప్యాలెస్ ఎంత పొడుగుందో అందరూ రాశారు. ఇల్లు ఎందుకు అట్లా ఉందో చెప్పింది నువ్వొక్కదానివే" అన్నారు. షీటు మూలన 'కట్టినవారు' అన్న చోట తాత పేరు, అవ్వ పేరు రాశాను.

ఆ ఎండాకాలమే మిద్దెకు వెనకవైపు దూలం ఒకటి కుంగింది. మేస్త్రీ వచ్చి చూసి, "ఇంక ఎన్నొద్దులుంటదన్నా ఇది? పడగొట్టి స్లాబు ఏసుకో" అన్నాడు. మా చిన్నాయన కూడా అదే మాట అన్నాడు.

నాయిన నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవు బిడ్డా? సదువుకుంటున్నవు గదా."

ఇంటి విషయంలో ఆయన నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి. షీటు తెచ్చి మగ్గం పక్కన పరిచాను. "చెడింది ఒక్క దూలమే నాయినా. గోడలు గట్టిగున్నయి. స్లాబు ఏస్తే ఈ సల్లదనం యాడికెళ్లొస్తది?"

మేస్త్రీ షీటు మీద వేలు పెట్టి గోడలన్నీ ఒక చుట్టు చుట్టి చూశాడు. "అయితదిగానీ, మగ్గం ఇప్పాల్సొస్తది" అన్నాడు.

"మగ్గం ఇప్పేది లేదు. దాని మీద పెండ్లిచీర ఉన్నది," అన్నాడు నాయిన.

ఆత్మకూరులో ఒక పాత ఇల్లు విప్పుతుంటే అందులో మంచి టేకు దూలం దొరికింది. దాన్ని ట్రాక్టరులో తెచ్చారు. అమ్మ మగ్గం మీద, పడుగు మీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది. కప్పు కింద ఊతంగా గుంజలు నిలబెట్టి, వీధిలోని ఎనిమిది మంది మగవాళ్లు పాత దూలం దింపి కొత్తది ఎక్కించారు. పొడవు, మందం లెక్కగట్టి ఇచ్చింది నేను. అది గోడ మీద సరిగ్గా కూర్చుంది. తర్వాత మిద్దె మీద కొత్త చౌడుమట్టి పరిచి తొక్కారు. మూడో రోజు అమ్మా నాయినా దుప్పట్లు తీసి, ఆపిన పోగు దగ్గర నుంచే మళ్లీ నేయడం మొదలుపెట్టారు. తొలి వాన రెండు గంటలు కురిసినా ఇంట్లో ఒక్క చుక్క రాలలేదు.

ఆ తర్వాత ఎదురింటి పెద్దాయన వచ్చి, "బిడ్డా, మా ఇల్లు గూడ జర కొలిచి సూడు" అన్నాడు. కాలేజీ తెరిచేలోపు మా నేతగాళ్ల వీధిలో ఆరు మగ్గాల ఇళ్లు కొలిచాను. ఏ రెండింట్లోనూ కిటికీ ఒకే ఎత్తులో లేదు. ఒక ఇంట్లో మరీ పైకి ఉంటే, ఎందుకని అడిగాను.

"మా నాయిన తాడిచెట్టంత ఉండెటోడు," అన్నాడు ఆ ఇంటాయన, ఛాతీ విరుచుకుని.