మాంత్రికుడి చిలుక, మా నాయన బిళ్ళ

బుజ్జీ, నిన్న నీ బడిలో నిన్నొక మాట అన్నారు. నేను ఊరుకోలేదు బిడ్డా.

నా బిడ్డ బుజ్జి గోదావరిఖనిలో తెలుగు టీచర్‌గా చేసేది. జ్వరంతో పోయి ఏడాదైంది. దాని పుస్తకాలు తెచ్చుకుందామని నిన్న బడికి వెళ్తే, ఒక సారు నవ్వుతూ, "పాఠమేం చెప్పిందమ్మా, మాంత్రికుల సినిమాలు చూపెట్టుడే గద" అన్నాడు.

నా ఈడువాళ్ళారా, యాదికున్నదా? కాలనీ గ్రౌండులో తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. చాప మీద పేలాలు బుక్కుతూ చూసేవాళ్ళం. మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉందనగానే నాకు మా నాయన ఇత్తడి బిళ్ళ గుర్తొచ్చేది. మా నాయన లెక్క బొగ్గు బాయిలోకి, అంటే గనిలోకి దిగేవాళ్ళు తమ నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటారు. పైకొచ్చి దీపం ఇస్తేనే బిళ్ళ చేతికొస్తుంది. షిఫ్టు అయ్యాక ఎవరి బిళ్ళ మిగిలితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇది బుజ్జికి చెప్పాను. అది క్లాసులో మాంత్రికుడి సినిమా వేసి, మధ్యలో ఆపి పిల్లలను అడిగేదట: "మీ ఇంట్ల ఎవరి పానం దేంట్ల ఉన్నది?" ఒక పిల్ల, "మా అమ్మ పానం మా నాయన బండి చప్పుడుల ఉన్నది టీచర్" అన్నదట. అప్పుడు బుజ్జి, "ఏ కథైనా దిగుడు, చిక్కుకునుడు, పైకొచ్చుడు. మీ నాయన షిఫ్టు లెక్కనే" అని చెప్పేదట.

ఆ సారుకు ఇదంతా చెప్పి, "సారూ, నేను నాలుగో తరగతే చదివిన. నాకు సమజైంది, మీకు కాలేదా?" అన్నాను.

"గట్ల గాదమ్మా" అని నసిగాడు.

ఆ కోపంతో నిన్నటి నుంచి నాకు ముద్ద దిగలేదు. నా ఈడువాళ్ళారా, మీరు అట్ల చేయకండి. వేళకు కడుపునిండా తినండి.