నీళ్లకు బెదరని పెట్టె

మాచర్లకు ఉత్తరంగా, కృష్ణ ఒడ్డున ఉన్న మా రేవులో పుల్లమ్మను ఎరగనివాళ్లు లేరు. ఆమె మొగుడు చెన్నకేశవులు పడవ సరంగు. రెండేళ్ల కిందట, నీళ్లు ఎర్రబారుతున్నాయి, వరదొస్తుంది, వద్దని అతను మొత్తుకున్నా వినకుండా, రేవును వేలంలో పాడుకున్న వీరయ్య పడవ తీయించాడు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు. దైవికమని కాగితాల్లో రాసుకున్నారు. పుల్లమ్మ ఒప్పుకోలేదు. పడవ తీయమన్నది దైవం కాదు, వీరయ్యేనని సంతలోనూ చెప్పింది, వీరయ్య గుమ్మం ముందు నిలబడీ చెప్పింది. ఆ తర్వాత మొగుడి తెడ్డు తనే పట్టింది.

ఎగువన ఎక్కడో కురిసిన వాన మా రేవుకు వచ్చి తాకేదాకా మాకు తెలియదు. 1949 ఎండాకాలంలో, వాన కబుర్లు రేడియోలో తెలుగులోనే చెబుతున్నారని ఎవరో అంటే పుల్లమ్మ ఆ మాట పట్టుకుంది. పడవవాళ్లంతా కలిసి ఒకటి కొనాలంది. అది విని వీరయ్య, తన అరుగు మీదే పెద్ద రేడియో పెట్టిస్తానని, అందరూ వచ్చి వినవచ్చని కబురంపాడు.

"ఆయన అరుగు మీద అది ఆయన మాటే చెబుద్ది" అంది పుల్లమ్మ.

తోటి సరంగు పిచ్చియ్యను వెంటబెట్టుకుని నరసరావుపేట వెళ్లింది. కొట్టు షావుకారు మూడు రకాలు చూపించాడు. మొదటిది నున్నటి చెక్కపెట్టె. పాట పెడితే కొట్టంతా మోగింది. కాని దానికి కరెంటు కావాలి, మా రేవుకు కరెంటు స్తంభమే లేదు. రెండోది బ్యాటరీది, చిన్నది, ముద్దుగా ఉంది. మూడోదాన్ని మూల గోనెపట్టా కింద నుంచి లాగాడు. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వేలం వేసిన ఇనప్పెట్టె. లారీ బ్యాటరీతో నడుస్తుంది. పైకి మోగదు, రెండు డిప్పలు చెవులకు తగిలించుకుని వినాలి. ఒక్కరికి తప్ప వినపడని రేడియో మీకెందుకని షావుకారే నవ్వాడు.

పాటలు వద్దని, వాన కబురు వేళ దాకా పుల్లమ్మ కొట్టు మెట్ల మీదే కూర్చుంది. సాయంత్రం మూడింటిలోనూ వింది. మూడింటిలోనూ మాట తెలిసింది. అప్పుడు లేచి మంచినీళ్ల కుండలో చెయ్యి ముంచి, ముద్దుగా ఉన్నదాని మీద చిలకరించబోయింది. షావుకారు కండువా అడ్డం పెట్టి దాన్ని గుండెలకు హత్తుకున్నాడు. ఇనప్పెట్టె మీద చల్లితే మాత్రం అతను కదల్లేదు.

"నువ్వు దాచుకోనిదే ఇయ్యి నాయనా. మా పడవలో పొడిగా ఉండేది ఏదీ లేదు."

ఒక్కరే వినాలన్న చిక్కు పిచ్చియ్య తీర్చాడు. డిప్పల్ని కలిపే కమ్మీ విడదీసి, ఒకటి ఆమెకిచ్చి ఒకటి తను పెట్టుకున్నాడు. ఇద్దరూ విన్నదే రేవు మాటని పడవవాళ్లు కట్టుబాటు చేసుకున్నారు.

శ్రావణంలో ఒక సాయంత్రం, ఎగువన గట్టి వానలని ఇద్దరూ విన్నారు. మర్నాడు సంత. పుల్లమ్మ పడవకు గొలుసు వేసి, తెడ్లు గట్టు మీద పేర్చి వాటి మీద కూర్చుంది. సంతకు పోయేవాళ్లు సణిగారు, తిట్టారు. వీరయ్య వచ్చాడు.

"ఏమే పుల్లీ, మబ్బు తునక లేదు గదే. డబ్బాలో ఎవడో వాగితే నా రేవు ఆపుతావా?"

"రేవు పాడుకున్నావయ్యా, కాదన్లా. మా పానాలు పాడుకోలా."

పిచ్చియ్య వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత మిగిలినవాళ్లూ.

ఆ రోజు వరద రాలేదు. మర్నాడూ రాలేదు. వీరయ్య రేవులో అందరి ముందూ, వరదను మూటగట్టి ఎక్కడ దాచావని అడిగాడు. జనం నవ్వారు.

"రాలా" అంది పుల్లమ్మ. "వస్తదో రాదో తెలీకనే ఆగాం. మళ్లీ చెబితే మళ్లీ ఆగుతాం."

వరద వచ్చి ఉంటే ఈ నవ్వినవాళ్లే ఆమెకు దండం పెట్టేవాళ్లు. కూలివాడు తన ప్రాణానికి భయపడడానికి కూడా సాక్ష్యం చూపించాలట. చెన్నకేశవులు చూపించిన సాక్ష్యం ఎవరికి సరిపోయింది?

పది రోజులకు డబ్బా మళ్లీ చెప్పింది, గొలుసు మళ్లీ పడింది. వీరయ్య ఈసారి దిగువ రేవు నుంచి ఇద్దరు సరంగులను పిలిపించాడు. వాళ్లు తెడ్లు భుజాన వేసుకుని వచ్చారు. గొలుసు చూశారు, నది చూశారు. పెద్దవాడు పుల్లమ్మ దగ్గరకొచ్చి, "డబ్బా ఏం చెప్పిందక్కా?" అని అడిగాడు.

పుల్లమ్మ విన్నది చెప్పింది. నమ్మకపోతే సాయంత్రం దాకా ఉండి వాళ్లనే వినమంది. వాళ్లు తెడ్లు దించి కూర్చున్నారు.

సాయంత్రం డిప్పలు నలుగురి మధ్యా చేతులు మారాయి. వీరయ్య గట్టు మీదే నిలబడి ఉన్నాడు. ఆయన అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.