ఇర్సిన కొమ్ముకు అసలు అర్థం

గత ఆదివారం ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు, పెర్కిట్‌లోని మా ఇంటి వరండాలో చాయ్ తాగుతుండగా, మా చెల్లెలి కొడుకు ఫోను నా చేతికిచ్చి తాను చేసిన వీడియో చూడమన్నాడు. సమయం ఎందుకు రాస్తున్నానంటే, ఆ చాయ్ నేను పూర్తి చేయలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా దినచర్య రాస్తున్నాను. కోపంతో చాయ్ వదిలేసినట్టు మరెక్కడా నమోదు కాలేదు. మనిషి మనసు చేసే విచిత్రాలకు లోకం పెట్టుకున్న తమాషా పేర్లు అన్నది ఆ వీడియో విషయం. పది ఇంగ్లీషు పేర్లు చెప్పి, పదకొండోది మన ఆర్మూరు దిక్కుదని ప్రకటించి, మా చిన్నమ్మ ఫోటో చూపిస్తూ అన్నాడు: “అందరు వద్దన్న మనిషిని మా తాన ‘ఇర్సిన కొమ్ము’ అంటరు. తాత దుబాయ్ పోయినంక మా అమ్మమ్మను గట్లనే పిలిచిండ్రట!” దాని కింద జనం పెట్టిన నవ్వు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

“ఎవడు జెప్పిండురా నీకు?” అన్నాను.

“అందరంటరు గద మామా. జర లైట్ తీస్కో.”

తేలికగా తీసుకునే విషయం కాదది. మా అమ్మకు చెల్లెలు ఆమె. బాల్కొండలో ఈనాటికీ బీడీలు చుడుతూ తన కాళ్ల మీద తాను నిలబడ్డ మనిషి. ఆ పేరు, అంటే విరిచిన పసుపు కొమ్ము, ఎవరో ఆమెకు పెట్టింది కాదు, ఆమె లోకానికి పెట్టింది. అలాంటి పేర్లు ఆమె నోట పుట్టినవి నా నోటుబుక్కుల్లో నలభై మూడున్నాయి. అరగంట ఎదురుచూసినా రాకుండా, చాయ్ గ్లాసు చేతికందగానే వచ్చే బస్సు ‘చాయ్ బస్సు’. చుట్టాలింట్లో తినే వచ్చామని అబద్ధమాడి, గడప దాటగానే వేసేది ‘మర్యాదాకలి’. వారమంతా పీడించి, డాక్టరు ముందు కూర్చోగానే మాయమయ్యేది ‘దవాఖాన నొప్పి’. గల్ఫు నుంచి వచ్చినవాణ్ని పెట్టె విప్పేదాకా పొగిడి, ఆ తర్వాత పలకరించడం మానేస్తే, ఆ తీరు పేరు ‘మూడొద్దుల షేకు’, అంటే మూడు రోజుల షేకు. చదువుకున్నవాళ్లు పెద్ద పుస్తకాల్లో రాస్తే శాస్త్రమట, బీడీ ఆకు కత్తిరిస్తూ చిన్నమ్మ అంటే మోటు మాటట! సరే, ఆ అన్యాయాన్ని ఎలాగో సహించవచ్చు. ఆమె మాటనే ఆమె మొహానికి అతికించడం మాత్రం సహించరానిది.

అసలు జరిగింది ఇది. చిన్నాయన దుబాయికి వెళ్లిన ఏడాది, చిన్నమ్మ అరెకరం పసుపు తానే తవ్వించి, ఉడికించి, ఎండబెట్టి, ఆర్మూరు మార్కెట్లో కుప్ప పోసింది. చుట్టిన బీడీలు కంపెనీకి అప్పజెప్పే వారం కావడంతో, డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న నన్ను కాపలా పెట్టి ఊరికి వెళ్లింది. మార్కెట్లో కొనేవాడు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరుస్తాడు. ఠంగుమని మోగిందా, లోపల రంగు పండిందా అని చూస్తాడు. నచ్చినా సరే, బేరం కోసం మొహం ముడిచి, రెండు ముక్కలనూ కుప్ప మీద పడేసి పోతాడు. అతడు మలుపు తిరిగేలోగా ఆ ముక్కలను అడుక్కు తోసేయడం రైతుల ఆచారం. ఆ ఆచారం నాకు తెలియదు. ఎంతమంది వచ్చి చూశారో లెక్క ఉండాలని, ముక్కలను జతలు జతలుగా కుప్ప ముందు వరుసగా పేర్చాను. మొదటి రోజు పదకొండు జతలు. రెండో రోజు నాలుగు. మూడో రోజు ఒక్కటీ లేదు. వచ్చినవాళ్లు వరుస వైపు చూసి, కుప్పను ముట్టకుండానే పక్కకు పోయారు. నాలుగో ఉదయం మబ్బు పట్టింది. వాన పడితే ఏడాది కష్టం బురదపాలు. అప్పుడు వచ్చింది చిన్నమ్మ.

“గిదేందిరా కొడుకా, దుకాణం వెట్టినవా?”

“ఎంతమంది జూసిండ్రో లెక్క, చిన్నమ్మా.”

“లెక్క నువ్వు రాసినవు. ఆళ్లు సదువుకుంట పోయిండ్రు.”

ముక్కలన్నీ కొంగులోకి ఊడ్చుకుంది. అరగంటకు, మొదటి రోజు మొహం ముడిచి పోయిన సేటే మళ్లీ వచ్చి, “గీ కుప్ప ఇయ్యాల్నే దిగిందా అక్కా?” అన్నాడు.

“ఇప్పుడే దిగింది సేటూ. ఏడి మీదుంది, చెయ్యి పైలం.”

అతడు విరిచాడు. ఠంగుమంది. అతడు నిలబడ్డాడని మరో అయిదుగురు నిలబడ్డారు. వాన వచ్చేలోగా కుప్ప అమ్ముడుపోయింది. తిరుగు బస్సులో చిన్నమ్మ పేరు పెట్టింది: “ఎవడో ఇర్సి పారేసిండని, తాము ఇర్వకుంటనే పోతరు జూడు, గా రోగం పేరు ఇర్సిన కొమ్ము.” అంటే పేరు పక్కకు పోయినవాళ్లది, పక్కన పెట్టబడ్డ మనిషిది కాదు.

ఆదివారం మధ్యాహ్నమే మేనల్లుణ్ని వెంటబెట్టుకుని, సాక్ష్యానికి మొదటి నోటుబుక్కు చంకలో పెట్టుకుని బాల్కొండ బస్సెక్కాను. దారిలో కథంతా చెప్పాను. ముక్కలు పేర్చింది ఎవరో మాత్రం చెప్పలేదు. చిన్నమ్మ బీడీల చాట పక్కన పెట్టి, వీడియో మొదటినుంచి చివరిదాకా చూసింది.

“శానమంది జూసిండ్రా, బిడ్డా?”

“శానమంది, అమ్మమ్మా.”

“గాళ్లల్ల ఒక్కలన్న వచ్చి నన్నడిగిండ్రా, గిది నిజమేనా అని?”

వాడు వీడియో కింద రాతలన్నీ వెతికి, లేదన్నట్టు తల ఊపాడు.

“గదే ఇర్సిన కొమ్ము,” అంది చిన్నమ్మ.

అందులో ఏం రాసుకున్నానో గుర్తులేని నేను విజయగర్వంతో నోటుబుక్కు తెరిచి, ఆ మార్కెట్ రోజుల పుట వాడిచేత పైకి చదివించాను. “మూడు రోజులు గిరాకీ లేదు. కారణం: మార్కెట్ మందకొడిగా ఉంది.” వాడు ఆగాడు. “గంతే ఉంది మామా. మరి గా ముక్కలు పేర్చిందెవ్వలు, అమ్మమ్మా?”

చిన్నమ్మ నా వైపు చూడను కూడా చూడలేదు. “ఎవ్వలో తియ్, కొడుకా. పేరు తప్పుకు వెట్టాలె గని మనిషికి వెట్టొద్దు.”

ఒక్కరోజులో చేసిన వీడియో మీద మండిపడి బయలుదేరినవాణ్ని, ముప్పై ఏళ్ల నాటి నా అక్షరం ముందు కూలబడ్డాను. “నేనే పేర్చిన,” అన్నాను. వాడు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. పాత వీడియో అక్కడే తీసేసి, అర్థం చెప్పమని ఫోను చిన్నమ్మ ముందు పట్టాడు. ఆమె మొదట కొంగు సర్దుకుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి, మార్కెట్ మందకొడిగా ఉందన్న మాట కొట్టేసి, కారణం నేనని రాసి, పక్కన ఆ ఆదివారం తేదీ వేశాను. ఒకే పుటలో రెండు తేదీలున్నాయి. మధ్య గడిచిన కాలమంతా, నా పేరు బయటపడకుండా చిన్నమ్మ కొంగులో దాచిన కాలం.