పళ్ల కత్తెర కూపన్లు

కుట్టుపని చేసేవాళ్లు గుడ్డ కోసే కత్తెరను కాగితం మీద పెట్టరు. పెడితే పదును పోతుంది. అందుకే మా వీధి కుట్టుపనావిడ, గుడ్డకు మొండిబారిన పాత పళ్ల కత్తెరను పేపర్లలో వచ్చే, సరుకుల ధర తగ్గించే కూపన్లకు కేటాయించింది. దానితో కోస్తే అంచు రంపంలా వస్తుంది. ఆ అంచు వల్లే ఆమెకు కత్తెరమ్మ అనే పేరు స్థిరపడిపోయింది.

భర్త జీతం అద్దెకూ మందులకూ సరిపోయేది. పొయ్యి మీదికి వచ్చేదంతా కూపన్ల పుణ్యమే. క్షవరం దుకాణం ఆయన చదివేసిన పేపర్లు మడిచి ఆమె గడపలో పెట్టి వెళ్లేవాడు. సరుకుల దుకాణంలో బిల్లులు కొట్టే ఆవిడ, అందరికీ బిల్లులమ్మ, కత్తెరమ్మ మోకాలు నొప్పి చూసి తన స్టూలు ఇవతలికి జరిపేది. కత్తెరమ్మ ఊరుకుంటుందా, బిల్లులమ్మ కోటుకు ఊడిన గుండీలు నిలబడే కుట్టిపెట్టేది. భగవంతుడు పెద్ద వరాలు ఇవ్వనిచోట ఇలాంటి చిన్నవి విరివిగా పంచుతాడు.

శనివారం శనివారం ఆమె గడువు దాటిన కూపన్లు ఏరి పొయ్యిలో వేసేది. బిస్కెట్ల డబ్బాలో మిగిలేవన్నీ చెల్లేవే.

మేడమీద వాటాలో ఆడపడుచు కాపురం. భర్తకు అక్క. ఓ రోజు చుట్టాలంతా కత్తెరమ్మ ఇంట భోజనానికి కూర్చున్నప్పుడు ఆవిడ గొంతెత్తి అంది: "మొహమాటపడకండి, తినండి! మా మరదలి వంటలో ఉప్పు తగ్గినా తగ్గుతుందేమో గానీ, కూపన్ మాత్రం తగ్గదు!"

పొలమారేలా నవ్వారు అందరూ. కత్తెరమ్మ కూడా నవ్వింది. గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం నవ్వలేదు.

వారం తిరక్కముందే దుకాణంలో బిల్లులమ్మ అడిగింది: "ఏమ్మా, ఈమధ్య మీ వదినగారిచేత కూపన్లు పంపిస్తున్నావు? ఒంట్లో బాగుండటం లేదా?"

కొన్నాళ్లుగా బిస్కెట్ల డబ్బా ఎందుకు తేలికవుతోందో కత్తెరమ్మకు అప్పుడు తెలిసింది. ఇంటి గుట్టు బజారుకెక్కడం ఇష్టంలేక, "నేనే ఇచ్చాలే" అంది.

వెక్కిరించింది ఆ నోరే, దోచింది ఆ చెయ్యే. డబ్బా దాచేస్తే దొంగతనం ఆగేది. కానీ ఆమెకు కావలసింది అది కాదు. నలుగురిలో జరిగిన అవమానానికి నలుగురిలోనే జవాబు కావాలి. ఆ పూట ప్రార్థనకు కూర్చుంటే పెదవులు దేవుణ్ణి తలిచాయి, మనసు వదినను జపించింది.

ఆ శనివారం ఏరిన చెల్లని కూపన్లు పొయ్యిలోకి పోలేదు. చెల్లేవి దిండు గలీబులోకి, చెల్లనివి డబ్బాలోకి చేరాయి. మర్నాడు వదిన కొత్త వియ్యపురాలు వస్తోంది. కత్తెరమ్మ మెట్ల దగ్గరికి వెళ్లి తియ్యగా పిలిచింది: "వదినా, అంచు మడవాలన్న పరదాలు తెచ్చి మిషను మీద పెట్టండి. నేను అలా వీధిలోకి వెళ్లొస్తా."

తిరిగొచ్చేసరికి పరదాలున్నాయి. డబ్బాలో కూపన్లు లేవు.

ఆదివారం ఆమె దుకాణంలో పప్పుల అర వెనక నిలబడింది. వదిన బండి నిండా సరుకులతో వచ్చింది. పక్కన వియ్యపురాలు.

"డబ్బు విలువ తెలిసినవాళ్లం వదినగారూ మేము. కూపన్లు కత్తిరించి దాచడం నాకు చిన్నప్పటినుంచీ సరదా!" అంటూ వదిన కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

దొంగిలించింది చాలక గొప్ప కూడా దొంగిలించింది! కత్తెరమ్మ అర సందులోంచి తొంగి చూసింది. బిల్లులమ్మ ప్రతి కూపన్నూ కళ్లద్దాలు పైకి నెట్టి తేదీ చూశాకే తీసుకుంటుంది. ఇప్పుడు చూస్తుంది, ఇప్పుడు విసిరేస్తుంది.

బిల్లులమ్మ బొటనవేలితో అంచు తడిమింది. "ఓ, కత్తెరమ్మవా! వీటికి చూసేదేముంది?" అని వరసగా బిల్లు తగ్గించడం మొదలుపెట్టింది.

ఇన్నేళ్లలో తన కూపన్లను ఆవిడ ఒక్కసారీ తిప్పి చూడలేదన్న సంగతి కత్తెరమ్మకు అప్పుడే తట్టింది. సాయంత్రం మేనేజరు సరిచూస్తే ఆ తగ్గించినదంతా బిల్లులమ్మ జీతంలోంచి పోతుంది. అర వెనకే ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు.

"ఆగు బిల్లులమ్మా. అవి చెల్లవు. గడువు దాటినవి."

"నీ డబ్బాలో చెల్లనివా?"

"నేనే పెట్టాను. దొంగ చేతికి దొరకాలని."

వదిన ముఖం సున్నం కొట్టినట్టయింది. "దొంగేమిటి మరదలా! ఇంట్లోవాళ్లం..."

"చిన్నప్పటినుంచీ మీ సరదా అన్నారుగా వదినా? మరి మీ పళ్ల కత్తెర ఎక్కడుందో వియ్యపురాలుగారికి ఓసారి చూపించండి."

వియ్యపురాలు పక్కకు తిరిగి సబ్బులు చూడసాగింది. వదిన నూనె డబ్బాలూ సబ్బులూ ఒక్కొక్కటే వెనక్కి పెడుతుంటే కత్తెరమ్మ తనివితీరా చూసింది. బండిలో చివరికి ఒక పొట్లం మిగిలింది.

"ఉప్పు ఉంచుకోండి వదినా. దానికి కూపన్ అక్కర్లేదు."

బిల్లులమ్మ తగ్గించినవన్నీ కొట్టేసి, బిల్లు మళ్లీ మొదటినుంచి వేసింది.

ఆ వారమంతా కత్తెరమ్మకు అన్నం రుచిగా ఉంది. మేడమీది నుంచి ఒక్క మాట కిందికి రాలేదు.

తర్వాతి సోమవారం దుకాణానికి వెళితే బిల్లులమ్మ ఎప్పటిలాగే స్టూలు ఇవతలికి జరిపింది. మోకాలు ఎలా ఉందని అడిగింది. కూపన్లు అందుకుంది. కళ్లద్దాలు పైకి నెట్టి, ఒక్కొక్కదాన్నీ తిప్పి తేదీ చూసింది.

కత్తెరమ్మ ఆ స్టూలు మీద కూర్చోలేకపోయింది.